యంత్రములు ప్రవర చెప్పిన కాలము

వడ్డీ రేట్లలోని స్వల్పభేదములను గణించుటకు బ్యాంకులవారు వాడు బేసిస్ పాయింటు, అనగా శాతములో నూరవ వంతు, క్వాల్‌కామ్ చిప్పులలో యు.ఎస్.బి. సంకేతము ఎంత త్వరగా లేచి ఎంత త్వరగా దిగవలెనో నిర్ణయించు మానముగా గూడ చలామణి యగుచున్నదని తెలిసినప్పుడు కలిగిన వినోదమే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది. బోర్డులోని పరికరములను వృక్షరూపమున వర్ణించు లినక్సు డివైస్ ట్రీ ఫైలులో ‘హెచ్‌ఎస్ రైజ్ ఫాల్ టైమ్ బీపీ’ యనుచోట ఒక అంకె వ్రాసిన చాలును. అయితే చిప్పు కొన్ని నియతమైన మెట్లనే యెరుగును గనుక, మనమెంత సూక్ష్మముగా కోరినను డ్రైవరు వానిలో దగ్గరిదానిని ఏరుకొనును.

2000లో వెలువడిన యు.ఎస్.బి. 2.0 సెకనుకు 48 కోట్ల బిట్లను పంపును; ఒక్కొక్క బిట్టునకు దక్కు వ్యవధి 2 నానోసెకనులకు కించిదధికము. ఒకే చిప్పు ఒక బోర్డుపై కనెక్టరు చెంతనే యుండును, మరియొకదానిపై దూరముగా నుండును. నడుమనున్న రాగిగీతయు, రక్షణకై పెట్టిన డయోడును తరంగపు అంచులను మొద్దుబార్చును. ఆసిలోస్కోపు తెరపై సంకేతపు స్పష్టతను కన్నువలె చూపు ఐ డయాగ్రమ్ మూతపడుచున్నచో ఇంజనీరు ఈ అంకెను సవరించును. దోషము చిప్పుది కాక బోర్డుది గనుకనే, బోర్డును వర్ణించు ఫైలులో దీనికి స్థానము కలిగినది.

ఈ వర్ణనావిధానమునకు మూలపురుషుడు సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన మిచ్ బ్రాడ్లీ. ఆయన ఓపెన్‌బూట్ 1989లో స్పార్క్‌స్టేషన్ 1 కంప్యూటరుతో, దానిని మేల్కొల్పు ఫర్మ్‌వేరుగా, లోకమున కవతరించెను. అందలి భాష, చార్లెస్ మూర్ సృష్టించినదియు, 1970ల ఆరంభమున ఆరిజోనాలోని కిట్‌పీక్ రేడియో టెలిస్కోపును నడపినదియు నగు ఫోర్త్. స్టాప్, ఏ అను రెండు మీటలను కలిపి నొక్కినంతనే, నడచుచున్న యంత్రము నిలిచిపోయి, ‘ఓకే’ యని తెరపై చూపి, మన యాజ్ఞకై కాచుకొనియుండెడిది. ‘షో-డెవ్స్’ అని యడిగినచో తనలోని పరికరములన్నిటిని వరుసగా ఏకరువు పెట్టెడిది. అంతకంటె రమ్యమైన సంగతి యేమనగా, కొత్తగా చొప్పించిన కార్డు, పెద్దల యెదుట ప్రవర చెప్పుకొను వటువువలె, తన రోములో దాచుకొన్న ఎఫ్‌కోడు అను ఫోర్త్ సంకేతరూపము ద్వారా తానెవరో, తన్ను మేల్కొల్పుటెట్లో తానే విన్నవించుకొనెడిది. ప్రాసెసరు ఏ జాతిదైనను ఆ విన్నపము చెల్లెడిది. 1994లో ఇది ఐ.ఇ.ఇ.ఇ. 1275 ప్రమాణమైనది. ఆపిల్, ఐ.బి.ఎం. సంస్థలు తమ పవర్‌పీసీ యంత్రములలో దీనిని స్వీకరించెను. 2007లో బాలలకై తయారైన ఆకుపచ్చని ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌లో సైతము ఇదియే యుండెను.

తరువాతి కథ క్లుప్తము. 2005 ప్రాంతమున బెంజమిన్ హెరెన్‌ష్మిట్, ఫోర్త్‌ను విడిచి పరికరముల వృక్షమును, అనగా డివైస్ ట్రీని, మాత్రము చదును చేసి ఫైలుగా మార్చెను. ఆర్మ్ బోర్డునకొక సి ఫైలు చొప్పున లినక్సు కెర్నలు నిండిపోవుచుండగా, 2011లో దాని కర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగముగా కోపించెను. గ్రాంట్ లైక్లీ ప్రభృతులు అంతకుముందే సాగించుచున్న కృషి వలన ఆర్మ్‌కును ఈ వృక్షమే శరణ్యమైనది.

కెర్నలు తేలికపడెను, మంచిదే. కాని యంత్రము మూగదైనది. ఇప్పుడు దాని వృత్తాంతమును వేరొకరు వ్రాసియిత్తురు, ఆ వ్రాతలో తప్పున్నను కెర్నలు నమ్మును. ఇందులోని చమత్కారమేమనగా, యు.ఎస్.బి. రంధ్రమున దూర్చిన అల్పమైన పెన్‌డ్రైవు నేటికిని తన తయారీదారు సంఖ్యను, తన జాతిని తానే చెప్పుకొనును. దానిని పలుకరించు ట్రాన్స్‌మిటరునకు మాత్రము, తన అంచు ఎంత వాడిగా నుండవలెనో పరులు బేసిస్ పాయింట్లలో వ్రాసిపెట్టవలసివచ్చుచున్నది.