విశాఖపట్టణమున కాథలిక్ ఉన్నత పాఠశాల: నామచరిత్ర

విద్యాలయ చరిత్రకు తొలి ఆధారము తరచుగా దాని నామమే. విశాఖపట్టణమునందలి సెయింట్ అలోషియస్ ఆంగ్లో-ఇండియన్ ఉన్నత పాఠశాల ఇందుకు నిదర్శనము. ఫ్రాన్సిస్ ద సేల్స్ సభకు చెందిన మిషనరీలు సవాయ్ ప్రాంతపు ఆన్సీ నుండి 1846లో విశాఖ చేరిరి. మరుసటి యేట, 1847లో, పాఠశాల వెలసినది. బోధకుల భాష ఫ్రెంచి, పాలకుల భాష ఆంగ్లము, పురజనుల భాష తెలుగు. ఈ మూటి సంగమమున నది పుట్టినది.

నామమునందలి పూర్వభాగము, రోమునగరమున మహామారి పీడితులకు సేవ చేసి 1591లో ఇరువదిమూడేండ్లకే మరణించిన అలోషియస్ గొంజాగాను స్మరించును. 1729లో ఆతడు విద్యార్థులకు పాలక పునీతుడుగా ప్రకటితుడయ్యెను. జూన్ 21 ఆతని పండుగ.

ఉత్తరభాగము సమాజచరిత్రను సూచించును. ఆంగ్లో-ఇండియన్ విద్యాలయములు ప్రత్యేక గ్రాంటు పొందవలెనన్న, ఏటి ప్రవేశములలో కనీసము నూటికి 40 ఇతర సమాజములవారికి లభింపజేయవలెనని 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 337వ అధికరణమున విధించినది. ఆ గ్రాంటు పదేండ్లకు ముగిసినది.

కావున ఇట్టి పాఠశాలల చరిత్రను మతసంఘ చరిత్రగా మాత్రమే పరిగణించుట చాలదు. ద్వారము ఎవరి బిడ్డలకు తెరువబడెను, తెలుగునకు తరగతిలో ఎట్టి స్థానము దక్కెను అను ప్రశ్నలకు ప్రవేశపట్టికలును పాఠ్యప్రణాళికలును సమాధానమీయవలెను. తెలుగునాట విద్యాచరిత్ర రచించువారు వానిని ఉపేక్షింపరాదు.