తెలుగు లేఖకు సంకేత నియమము

ఉత్తరము వ్రాయువానికి, చదువువానికి లిపి ఒక్కటే కావలెను. ఎలక్ట్రానిక్ లేఖలకు 1982లో ఏర్పడిన నియమము అమెరికాలో పుట్టిన ‘ఆస్కీ’ పట్టికనే అంగీకరించినది. అందున్నవి ఏడు బిట్లతో కూర్చిన 128 సంకేతములు మాత్రమే; తెలుగు అక్షరములకు చోటు లేదు.

దూరదేశములందలి తెలుగువారు దీనికొక ఉపాయము కనుగొనిరి. 1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయమున ఆర్.టి.ఎస్. అను పద్ధతి వెలసినది. ఇందు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతోనే వ్రాయుదురు. చిన్న ‘టీ’ తకారమునకు, పెద్ద ‘టీ’ టకారమునకు గుర్తులు. ‘పాత’కు ‘పాట’కు భేదము నిలిచినది ఈ నియమము వలననే. మరికొందరు తెలుగు ఫాంటులు వాడిరి. అయితే అదే ఫాంటు లేనివారికి లేఖ అర్థములేని గుర్తులుగా కనబడెడిది.

1991లో యూనికోడ్ పట్టిక తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. 1992లో ‘మైమ్’ నియమము, లేఖ ఏ సంకేతములలో నున్నదో దాని శీర్షమునందే తెలుపు ఏర్పాటు చేసినది. అయినను 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైననాటికి ఈ సదుపాయము సామాన్య కంప్యూటర్లకు అందలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో వచ్చిన పిమ్మట మార్గము సుగమమైనది.

నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఆస్కీ అక్షరమునకు ఒక బైటు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ఎల్లెడల చదువగల లేఖకు ఇది స్వల్పమైన వెలయే. పట్టికలో చోటు లభించుటయే చాలదు. పంపువారు, అందుకొనువారు ఒకే పట్టికను అంగీకరింపవలెను.