‘హమ్మయ్య’ కోసం ఒక తర్కం

పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్ల ‘హమ్మయ్య, అయిపోయింది’ అంటుంది. అదే మాటను తేదీ పెట్టి చెప్పి చూడండి: ‘మార్చి 20 మధ్యాహ్నం 12 గంటలకు పరీక్ష ముగియడం సంతోషం.’ ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది పరీక్షకు వారం ముందూ నిజమే, పదేళ్ళ తర్వాతా నిజమే. వారం ముందు ఎవరూ హమ్మయ్య అనరు. ఆ నిట్టూర్పులో ఉన్నదేదో తేదీలో ఇమడటం లేదు.

1959లో ‘ఫిలాసఫీ’ పత్రికలో ఆర్థర్ ప్రయర్ అచ్చువేసిన ఓ వ్యాసం పట్టుకున్న చిక్కు ఇదే. కాలతత్త్వం మీద పనిచేసేవాళ్ళు ఏ పక్షంవాళ్ళయినా ఈ నిట్టూర్పుకు ఏదో ఒక సమాధానం చెప్పుకోకుండా ముందుకు పోలేకపోతున్నారు. కాలం గురించి పెద్ద మాటలు మాట్లాడినవాళ్ళు చాలామంది. ప్రయర్ మాత్రం క్రియాపదం చివర ఉండే ప్రత్యయం దగ్గర ఆగి, పదిహేనేళ్ళకు పైగా అక్కడే కూర్చున్నాడు. అందుకే నాకతను ఇష్టం.

అతను కలం పట్టేనాటికి గాలి ఎటు వీస్తోందో ముందు చూడాలి. 1908లో కేంబ్రిడ్జి తత్త్వవేత్త మెక్‌టాగర్ట్ ‘మైండ్’ పత్రికలో కాలం అసత్యమని ఒక వ్యాసం రాశాడు. సంఘటనలను మనం రెండు రకాలుగా వరస పెడతామన్నాడు. గతం, వర్తమానం, భవిష్యత్తు అనేది ఒక వరస. ముందు, వెనక అనేది రెండోది. రెండోది ఎన్నటికీ మారదు. మీ తాతగారి పెళ్ళి మీ పుట్టుకకు ముందు జరిగిందన్నది ఎప్పటికీ అంతే. మార్పంటూ ఉంటే మొదటి వరసలోనే ఉండాలి, మార్పు లేనిదే కాలం లేదు. అయితే ఆ మొదటి వరసలో ప్రతి సంఘటనా భవిష్యత్తూ, వర్తమానమూ, గతమూ మూడూ కావాలి, ఆ మూడూ ఒకచోట పొసగవు. ‘ఒకేసారి కాదు కదా, వేర్వేరు సమయాల్లో కదా’ అన్నామంటే మళ్ళీ కాలాన్నే అరువు తెచ్చుకున్నట్టు. కాబట్టి కాలం లేదు.

మనకు ఈ ధోరణి కొత్తకాదు. సంప్రదాయం మన శ్రీపర్వతంతో ముడిపెట్టే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు మూలమధ్యమకకారికలో కాలపరీక్ష అని ఒక ప్రకరణమే పెట్టాడు. వర్తమాన భవిష్యత్తులు గతాన్ని ఆనుకునే నిలబడాలి, అలా ఆనుకోవాలంటే అవి గతంలోనే ఉండి తీరాలి అని వాదించి మూడింటినీ కూలదోశాడు. మెక్‌టాగర్ట్‌కు ఆయన సంగతి తెలిసి రాశాడని కాదు. ఒకే ముడిని దూరదూరాన ఇద్దరు చూశారు, అంతే.

అదే 1908లో, కొలోన్ నగరంలో గణితవేత్త మింకోవ్‌స్కీ ఉపన్యాసమిస్తూ స్థలాన్నీ కాలాన్నీ ఒకే నాలుగు కొలతల పరుపుగా పరిచి చూపాడు. తర్కశాస్త్రవేత్తలకు ఇది బాగా నచ్చింది. రసెల్ మొదలు క్వైన్ దాకా వాళ్ళ కోరిక ఒకటే: గణితంలో ‘రెండూ రెండూ నాలుగు’ అన్న వాక్యానికి నిన్న, రేపు లేనట్టే, శాస్త్రభాషలోనూ క్రియాకాలాలుండకూడదు. ‘వాన పడింది’ అనొద్దు, ‘ఫలానా క్షణాన వాన’ అనండి. క్రియాకాలం వంటింటి భాష, ప్రయోగశాలలోకి రానక్కర్లేదు.

ప్రయర్ సరిగ్గా ఆ వంటింట్లోంచే వచ్చాడు. 1914 డిసెంబరు 4న న్యూజిలాండ్‌లోని మాస్టర్టన్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు. డనీడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో చదివాడు. కుర్రతనంలో అతని గుండెల్లో ఉన్నది తర్కం కాదు, క్రైస్తవ ప్రెస్బిటేరియన్ మతచింతన. పాదిరి కావాలన్న ఆలోచన కూడా ఉండేది. దేవుడికి రేపటి సంగతి ముందే తెలుసునంటే నేను చేసేది నా ఇష్టమెలా అవుతుంది? మన పల్లెల్లో తలరాత గురించి అరుగుల మీద జరిగే వాదమే ఇది. ప్రయర్ తర్వాత్తర్వాత విశ్వాసానికి దూరమయ్యాడు గానీ ఈ ప్రశ్న అతన్ని వదల్లేదు.

యుద్ధకాలంలో న్యూజిలాండ్ వైమానిక దళంలో పనిచేసి, 1946లో క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ కళాశాలలో చేరాడు. అంతకుముందు అక్కడ పాఠాలు చెప్పిన కార్ల్ పాపర్ లండన్ వెళ్ళిపోగా ఖాళీ అయిన స్థానమది. స్కాట్లండ్ మతచింతన చరిత్ర మీద ఒక పుస్తకం రాస్తూ ఉండగా 1949లో ఇల్లు తగలబడింది. రాతప్రతిలో కొంత కాలిపోయింది. ప్రయర్ మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ నిప్పు అంటుకోకపోతే మనకు ఒక మతచరిత్రకారుడు దక్కేవాడేమో.

దారి మళ్ళించినవి రెండు. ఒటాగోలో తనకు గురువైన ఫిండ్లే 1941లో కాలం మీద రాసిన వ్యాసంలో ఒక అధోజ్ఞాపిక ఉంది: క్రియాకాలాలకున్న నియమాలు ఎంత కుదురుగా ఉన్నాయంటే వాటితో ఒక తర్కగణితమే కట్టవచ్చునని. రెండోది ప్రాచీన గ్రీకు తార్కికుడు డయొడోరస్ క్రోనస్ మీద బెన్సన్ మేట్స్ 1949లో ప్రచురించిన పరిశోధన. జరిగిపోయినదాన్ని మార్చలేం, సాధ్యమైనదానిలోంచి అసాధ్యం పుట్టదు అన్న రెండు మాటలు ఒప్పుకుంటే, ఇప్పుడు గానీ ఇకముందు గానీ జరగనిది అసలు సాధ్యమే కాదని ఒప్పుకోవలసి వస్తుందన్నాడు డయొడోరస్. అంటే విధి గెలిచినట్టు! మతం వదిలి తర్కంలోకొచ్చిన ప్రయర్‌కు దారిలో ఎదురైంది పాత ప్రశ్నే. మేట్స్ ఆ వాదాన్ని క్షణాలకు గుర్తులు పెట్టి రాశాడు. క్షణాల గోల లేకుండా క్రియాకాలాలతోనే రాస్తే ఎలా ఉంటుందని ప్రయర్‌కు తోచింది. ఫిండ్లే అధోజ్ఞాపికను ఒక రాత్రి తనను నిద్రలేపి చదివి వినిపించాడని భార్య మేరీ తర్వాత గుర్తుచేసుకుంది. 

1954 ఆగస్టులో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ తత్త్వశాస్త్ర సభ జరిగింది. అధ్యక్షోపన్యాసంలో ప్రయర్ తన కొత్త తర్కాన్ని బయటపెట్టాడు. కేంబ్రిడ్జికీ ఆక్స్‌ఫర్డుకూ సముద్రాలవతల, వినడానికి పెద్దగా జనం లేని చోట. పునాది ఇప్పటికీ అదే.

దానికి కావలసిన సరంజామా చాలా కొంచెం. ‘పి’ అంటే ఎప్పుడో జరిగింది. ‘ఎఫ్’ అంటే ఎప్పుడో జరుగుతుంది. ‘హెచ్’ అంటే ఇప్పటిదాకా ఎప్పుడూ అంతే. ‘జి’ అంటే ఇకముందు ఎప్పుడూ అంతే. ఇంగ్లీషులో ఈ భేదాన్ని చెప్పడానికి చాంతాడంత పదబంధాలు కావాలి. తెలుగులో ఒక్క అచ్చు తేడా: ఎప్పుడో, ఎప్పుడూ. ఓకారం వస్తే ఏదో ఒక క్షణం, ఊకారం వస్తే అన్ని క్షణాలూ. ప్రయర్ తెలుగువాడైతే ఇంకో పదేళ్ళు ముందే ఈ పని ముగించేవాడని సరదాకంటాను.

అసలు విశేషం గుర్తుల్లో లేదు, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడంలో ఉంది. ‘ఎప్పుడో, ఇక జరుగుతుందన్న స్థితి ఉండేది’. ‘ఒకనాటికి, ఇది జరిగిపోయి ఉంటుంది’. దేనికది సూత్రమవుతుంది. ఏ సూత్రాలు ఒప్పుకుంటామన్నదాన్నిబట్టి కాలానికి ఆకారం వస్తుంది. మొదలుందా లేదా, చివరుందా లేదా, రెండు క్షణాల నడుమ మూడోది దొరుకుతుందా? మెక్‌టాగర్ట్ వైరుధ్యమని భయపెట్టిన చోట ప్రయర్ జవాబు సాదాగా ఉంటుంది: ఏ సంఘటనా ‘మూడూ అయి ఉండటం’ లేదు. అది ఇప్పుడు వర్తమానం, ముందు భవిష్యత్తుగా ఉండేది, ఇకమీద గతమవుతుంది. క్రియాకాలం తీసేస్తేనే అక్కడ వైరుధ్యం కనిపిస్తుంది, ఉండనిస్తే కనిపించదు.

1956లో ఆక్స్‌ఫర్డు పిలిచి జాన్ లాక్ ఉపన్యాసాలు ఇప్పించింది. అవే మరుసటి ఏడు ‘టైమ్ అండ్ మొడాలిటీ’ పుస్తకంగా వచ్చాయి. అందులో పొరపాటు లేకపోలేదు. డయొడోరస్ చెప్పిన సాధ్యతకు అప్పటికే తెలిసిన ఒక తర్కవ్యవస్థ సరిపోతుందని ప్రయర్ ఊహించాడు. సరిపోదని ఇతరులు తేల్చారు. పదేళ్ళ తర్వాత ‘పాస్ట్, ప్రెజెంట్ అండ్ ఫ్యూచర్’లో ఈ కథంతా ప్రయరే స్వయంగా, తన తప్పుతో సహా, ఎవరు ఏ సూత్రం పట్టుకున్నారో పేరుపేరునా చెబుతూ రాశాడు. అలా రాసే పండితులు ఎక్కడైనా తక్కువే.

ఆ పేర్లలో ఒకటి సాల్ క్రిప్కి. 1958 సెప్టెంబరులో అమెరికాలోని ఒమాహా నుంచి ప్రయర్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడికి 17 ఏళ్ళు. రేపు ఏం జరుగుతుందో ఇంకా తేలలేదని నమ్మేవాళ్ళకు కాలం గీతలా ఉండకూడదు, కొమ్మలేసే చెట్టులా ఉండాలన్నది ఆ కుర్రాడి సూచన. వెనక్కి చూస్తే ఒకే మొదలు, ముందుకు చూస్తే ఎన్నో కొమ్మలు.

ఇక్కడ తెలుగు మళ్ళీ పనికొస్తుంది. ‘మెట్ల మీద పడబోయాడు’ అంటాం. గతంలో భవిష్యత్తు. గీత కాలంలో అయితే దీనర్థం, ఆ తర్వాత పడ్డాడనే. కానీ ఈ మాట విన్న ఏ తెలుగువాడూ అతను పడ్డాడనుకోడు. పడే కొమ్మ ఒకటి ఉండింది, కథ ఆ కొమ్మెక్కలేదు. క్రిప్కి చెట్టు లేకుండా ‘పడబోయాడు’కు అర్థం చెప్పలేం.

చెట్టు వచ్చాక కొత్త తగువు వచ్చింది. ‘రేపు వాన పడుతుంది’ అంటే ఏ కొమ్మ మీద? ప్రయర్ రెండు దారులు చూపాడు. అసలు జరగబోయే కొమ్మ ఒకటి ఉందనుకుని దాని మీద మాట్లాడటం ఒకటి. దీనికి 14వ శతాబ్దపు తత్త్వవేత్త ఆకమ్ పేరు పెట్టాడు. అన్ని కొమ్మల మీదా పడితేనే ‘పడుతుంది’ అనడం ఇంకొకటి. దీనికి అమెరికా తార్కికుడు పర్స్ పేరు. ప్రయర్ మొగ్గు రెండోవైపే. ఇంకా తేలనిదాని గురించి నిజమంటూ లేదని, మనిషికి చేతులు ఖాళీగా ఉండాలని అతని పట్టు. మతం వదిలినా పాత తలరాత ప్రశ్నకు జవాబు ఇచ్చుకున్నది ఇక్కడే.

భౌతికశాస్త్రంతో మాత్రం సర్దుబాటు కుదరలేదు. ఉన్నది వర్తమానమే అన్న ప్రయర్‌ను, ‘ఎవరి వర్తమానం?’ అని అడుగుతుంది ఐన్‌స్టైన్ సాపేక్షత. దూరాన జరిగే రెండింటిలో ఏది ‘ఇప్పుడు’ అన్నది చూసేవాడి వేగాన్నిబట్టి మారిపోతుంది. మనం తెలుసుకోలేనంత మాత్రాన ‘ఇప్పుడు’ లేదనడానికి వీల్లేదన్నది ప్రయర్ వైఖరి. అతని వాదంలో బలహీనమైన చోటు ఇదేనని నా అభిప్రాయం.

1959లో మాంచెస్టర్‌లో ఆచార్యుడయ్యాడు, 1966లో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలకు వెళ్ళాడు. ఆ మధ్య కాలిఫోర్నియాలో చెప్పిన పాఠాలు విన్న హాన్స్ కాంప్ 1968 నాటి తన సిద్ధాంత వ్యాసంలో మరో రెండు పదాలు చేర్చాడు: మన ‘నుంచి’, మన ‘దాకా’. ప్రయర్ గుర్తులు చెప్పలేనివి కూడా వీటితో చెప్పవచ్చని చూపాడు. 1969 అక్టోబరు 6న, నార్వేలో ఉపన్యాసాలకు వెళ్ళిన ప్రయర్ ట్రోండ్‌హైమ్‌లో కన్నుమూశాడు. 54 ఏళ్ళు.

1967 పుస్తకంలో అతను దారినపోతూ ఒక మాటన్నాడు. కాలం చుక్కలు చుక్కలుగా నడుస్తుందని నమ్మకపోయినా, అలాంటి కాలానికి కట్టిన తర్కం కంప్యూటరు పనితీరు లాంటి వాటికి పనికొస్తుందని. పదేళ్ళకు, 1977లో, ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమీర్ ప్నూయెలి నిజంగానే ఆ తర్కాన్ని ప్రోగ్రాములకు పట్టించాడు. ఆగకుండా నడిచే వ్యవస్థలో తప్పు లేదని రుజువు చేయడమెలా? ‘అడిగిన ప్రతిదానికీ ఎప్పుడూ, ఎప్పుడో ఒకప్పుడు జవాబు వస్తుంది’ అని రాయగలగాలి. ఎప్పుడూ, ఎప్పుడో: ప్రయర్ గుర్తులే. 1996లో ప్నూయెలికి కంప్యూటరు శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కొమ్మల కాలంతో పనిచేసే పద్ధతులు కనిపెట్టిన క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007లో అదే అవార్డు. హైదరాబాదులో చిప్ వెరిఫికేషన్ ఉద్యోగం చేసే మన పిల్లలు రోజూ రాసే అసర్షన్లు, అంటే చిప్ ఎప్పుడు ఎలా నడవాలో చెప్పే వాక్యాలు, ఈ వంశానివే.

తెలుగు వ్యాకరణం చదువుకునేవాళ్ళకు ఒక మనవి. ‘రేపు వస్తాడు’, ‘రోజూ వస్తాడు’ రెండింటికీ మనకు ఒకే రూపం. చిన్నయ సూరి దగ్గర భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు, అలవాటునూ స్వభావాన్నీ చెప్పే తద్ధర్మమని నాలుగోది ఒకటుంది. ఆ ‘వస్తాడు’ ప్రయర్ ‘ఎఫ్’కు చెందుతుందా, ‘జి’కి చెందుతుందా, రెండింటికీ కాదా? బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదాన్ని ఒక చేత్తో, ప్రయర్‌ను మరో చేత్తో పట్టుకుని ఎవరైనా కూర్చోండి.