జంపన్న వాగు: మన చరిత్ర పారిన దారి

మేడారం జాతర అనగానే మనకు గద్దెలు, ఎత్తుబంగారం గుర్తుకొస్తాయి. గద్దెల దగ్గరికి పోయే ముందు అందరం మునిగే వాగు సంగతి మాత్రం మన పిల్లలకు తెలిసింది తక్కువ. ఆ వాగు ఎక్కడ పారుతుందని హాస్టల్ పిల్లలను అడిగితే ‘మేడారంలో’ అంటారు. జవాబు తప్పు కాదు, కానీ సగమే.

ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో కురిసిన వాన చిన్న చిన్న ఒర్రెలుగా దిగి, ఒకటై వాగవుతుంది. మేడారం, ఊరట్టం పక్క నుంచి పారి, కొండాయి, దొడ్ల మీదుగా ఏటూరునాగారం వైపు సాగి గోదావరిలో కలుస్తుంది.

దీని పాత పేరు సంపెంగ వాగు. కరువు వచ్చి కప్పం కట్టలేని కాలంలో కాకతీయ ప్రతాపరుద్రుని సేన మేడారం మీదికి వచ్చిందని మన పెద్దలు చెబుతారు. ఆ పోరులో సమ్మక్క కొడుకు జంపన్న గాయపడి ఈ వాగులో ప్రాణం విడిచాడు. ఆయన నెత్తురుతో నీళ్లు ఎర్రబడ్డాయని, అప్పటి నుంచి ఇది జంపన్న వాగైందని కథ. దీన్ని మనకు అందించింది రాజుల శాసనాలు కావు, పడిగె పట్టి పాడే కోయ డోలీలు. అలాంటి గాయకుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రాయి మీద చెక్కని చరిత్రను మనవాళ్లు పాటలో, వాగు పేరులో దాచుకున్నారు.

జాతర దారులు కూడా ఈ వాగుతోనే ముడిపడి ఉన్నాయి. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చే పూజారులు వంతెన ఉన్నా వాగు నీళ్లలో దిగే దాటుతారు. గోవిందరాజు బయలుదేరే కొండాయి కూడా ఈ వాగు ఒడ్డు ఊరే.

ఇక వాగు స్వభావం చూద్దాం. ఇది ఇసుక వాగు. వానకాలంలో ఒక్క రాత్రిలో ఒడ్డులు దాటుతుంది, మాఘమాసం వచ్చేసరికి సన్నని పాయ అవుతుంది. అందుకే జాతర స్నానాలకు లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదులుతారు. పైన నీరు కనబడకపోయినా ఇసుక అడుగున తడి ఉంటుంది. చెలిమె తోడి ఆ నీళ్లు తాగడం మన పెద్దలకు తెలిసిన విద్య. ఆ తడికి మూలం అడవి. చెట్ల వేళ్లు, రాలిన ఆకులు వాననీటిని పట్టి ఉంచి మెల్లగా వాగుకు వదులుతాయి. 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి. ఆ నష్టాన్ని కలప లెక్కలో మాత్రమే చూడకండి, వాగు లెక్కలో కూడా చూడండి.

వాగు కోపం ఎలా ఉంటుందో 2023 జులైలో చూశాం. మన జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అదే రికార్డు. జంపన్న వాగు కొండాయిని ముంచెత్తింది, ఎనిమిది మంది కొట్టుకుపోయి చనిపోయారు. ఎలిశెట్టిపల్లి లాంటి ఊళ్లకు వానకాలంలో ఇప్పటికీ పడవే దిక్కు. గర్భిణికి నొప్పులొచ్చినా, పిల్లవాడికి జ్వరమొచ్చినా ముందు వాగు దాటాలి. మనం మొక్కే వాగు ఒడ్డునే మనవాళ్లు ఇలా బతుకుతున్నారన్నది కూడా చరిత్రలో భాగమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రెండేళ్లకోసారి నాలుగు రోజులు మొక్కి, ప్లాస్టిక్ సీసాలు ఇసుకలో వదిలి వస్తే జంపన్నకు గౌరవం దక్కదు. ఈ సెలవుల్లో మీ తాతల, అవ్వల దగ్గర కూర్చోండి. వాగు ఏ ఏడు ఎంతవరకు వచ్చింది, ఏ మడుగును ఏమని పిలిచేవారు, ఏ రేవులో దాటేవారు, ఏ చేపలు దొరికేవి అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. వీలైతే వాళ్ల గొంతును ఫోన్‌లో రికార్డు చేయండి. నీళ్లు ఎంతవరకు వస్తాయో తెలిసిన ఊరు ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో తెలుసుకుంటుంది, వంతెన ఎక్కడ కావాలో అధికారులను గట్టిగా అడగగలుగుతుంది. డోలీలు పాటలో దాచిన చరిత్రకు మీరు చేర్చాల్సిన పేజీ ఇదే.