భయానికి పుట్టిన తేదీ

కారంచేడు మారణకాండ జరిగింది 1985 జులై 17న. నేను పుట్టింది 1990లో, చీరాలలో. నేను చూడని ఆ రోజు నా ఒంట్లోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

అప్పటికి మాయమ్మ పదిహేనేళ్ళ పిల్ల. ముందు రోజు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే మనోళ్ళు వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. తెల్లారి కమ్మ భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడోళ్ళని చెరిచారు. మిగిలినోళ్ళు పరిగెత్తి చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఇదంతా మాయమ్మ నాకు చెప్పలేదు. చెప్పకుండానే ఇచ్చింది. వీధిలో గుంపు కేకలు వినపడితే, అది పెళ్ళి ఊరేగింపైనా సరే, తలుపు గడియ పెట్టేది. అమ్మమ్మ అర్ధరాత్రి లేచి నిద్రపోతున్న పిల్లల్ని లెక్కపెట్టుకునేది. నేను టీచరు ఉద్యోగంలో చేరినాక కూడా, ఎవరన్నా "మీ ఇంటిపేరేంటి?" అంటే గొంతు తడారిపోయేది. లోకం దీన్ని మాదిగోళ్ళ పిరికితనం అంటది. కాదు. పిరికోళ్ళు బిందె ఎత్తరు. ఇది మా మీద చేసిన పని. దీనికి తేదీ ఉంది, చేసినోళ్ళున్నారు.

మరి ఈ గాయం మానేదెట్లా? కోర్టు ఒక్కటే మందైతే మేమెప్పుడో పోయేవాళ్ళం. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో వచ్చింది, ఇరవై మూడేళ్ళకి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, అక్కడి దళితులు పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మాకు మొదటి మందు చీరాల శిబిరంలో దొరికింది. తిరిగి ఆ ఊరికి పోం అని జనం తేల్చి చెప్పారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్ళు నిలబడ్డారు. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ పుట్టింది. ఒక పల్లె ఏడుపు రాష్ట్రమంతటి దళితుల మాటయింది.

మాయమ్మకి మాట రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఒక జులై 17 సంస్మరణ సభలో లేచి మైకు అడిగింది. ఆరుగురి పేర్లూ చెప్పింది. ఎట్లా పరిగెత్తిందో చెప్పింది. తల వంచుకోలేదు. సిగ్గుపడాల్సింది ఎవరో ఆ రోజు నాకు తెలిసింది.

ఇప్పటికీ కేకలు వినపడితే ఆమె గడియ పెడుతుంది. అయితే నా కూతురు "ఎందుకమ్మమ్మా?" అంటే కూచోబెట్టుకుని చెబుతుంది. కారణం తెలిసిన భయం పిల్లల్ని తినదు.

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఇంట్లో పెద్దోళ్ళు ఎందుకు ఉలిక్కిపడతారో పక్కన కూచుని అడగండి. వాళ్ళు వద్దంటే ఆగండి. చెబితే తేదీతో సహా రాసుకోండి. మన చరిత్ర అక్కడుంది. మన మందూ అక్కడే ఉంది.