ఎరిట్రియా: ఇరుగుపొరుగుతో వివాదాలు, ప్రపంచంలో ప్రతిష్ఠ

ఎరిట్రియా ఆఫ్రికా ఈశాన్య కొసన, ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. రాజధాని అస్మారా. పడమట సూడాన్, దక్షిణాన ఇథియోపియా, ఆగ్నేయాన జిబూటి, సముద్రానికి ఆవల యెమెన్ దీని ఇరుగుపొరుగు. 1993లో స్వాతంత్ర్యం వచ్చాక, 1994–2008 మధ్య ఈ నాలుగింటితోనూ ఎరిట్రియా తగాదా పడింది. వాటిలో మూడింటితో తుపాకులు పేలాయి. దేశం పుట్టినప్పుడు ఆఫ్రికాకు ఆశాకిరణంగా కనిపించిన ఎరిట్రియాను, ఇరవై ఏళ్లు తిరిగేసరికి పత్రికలు ‘ఆఫ్రికా ఉత్తర కొరియా’ అనడం మొదలుపెట్టాయి.

నేపథ్యం

1890లో ఇటలీ వలసగా ఏర్పడిన ఎరిట్రియా 1941లో బ్రిటిష్ సేనల చేతికి వచ్చింది. ఐక్యరాజ్య సమితి నిర్ణయం మేరకు 1952లో దాన్ని ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు. పదేళ్లకు చక్రవర్తి హైలీ సెలాసీ ఆ సమాఖ్యను రద్దుచేసి, ఎరిట్రియాను తన సామ్రాజ్యంలో ఒక రాష్ట్రంగా కలిపేసుకున్నాడు. సమితి చూస్తూ ఊరుకుంది. అప్పటికే, 1961 సెప్టెంబరులో, సాయుధ పోరాటం మొదలైంది. అది ముప్పై ఏళ్లు సాగింది. ఇథియోపియాకు మొదట అమెరికా, తర్వాత సోవియట్ యూనియన్ ఆయుధాలిచ్చాయి. ఎరిట్రియా గెరిల్లాలు నక్ఫా కొండల్లో కందకాలు తవ్వుకున్నారు. నేలలోపల, కొండల చాటున ఆస్పత్రులు, బడులు, మరమ్మతు షెడ్లు నడిపారు. శత్రువు దగ్గర గుంజుకున్న ట్యాంకులనే బాగుచేసి తిరిగి శత్రువు మీదికి నడిపారు. 1991 మే 24న అస్మారా వారి వశమైంది. 1993 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 99.8 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటేశారు.

ఎవరి అండా లేకుండా గెలిచామన్న ధీమా, ప్రపంచం తమను ఒకసారి ఇతరుల చేతికి అప్పగించిందన్న అనుమానం, ఈ రెండూ ఆ పోరాటం నుంచే వచ్చాయి. ఎరిట్రియా విదేశాంగ విధానాన్ని ఈనాటికీ అవే నడుపుతున్నాయి.

సూడాన్, యెమెన్

ఇస్లామిక్ తీవ్రవాదులను తమ మీదికి ఉసిగొల్పుతోందంటూ 1994 డిసెంబరులో ఎరిట్రియా సూడాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. అస్మారాలోని సూడాన్ రాయబార కార్యాలయ భవనాన్ని ఆ దేశ ప్రతిపక్ష కూటమికే అప్పగించింది. తర్వాత సంబంధాలు కుదుటపడ్డాయి.

1995 డిసెంబరులో ఎర్ర సముద్రంలోని హనీష్ దీవుల కోసం యెమెన్‌తో సాయుధ ఘర్షణ జరిగింది. వ్యవహారం మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 1998 అక్టోబరు తీర్పులో ప్రధాన దీవులు యెమెన్‌కు దక్కాయి, రెండు దేశాల జాలర్లకూ సంప్రదాయంగా ఉన్న వేట హక్కు నిలిచింది. తీర్పు తమకు ప్రతికూలమైనా ఎరిట్రియా మాట తప్పలేదు, సేనలను వెనక్కి రప్పించుకుంది. ఈ దేశాన్ని కేవలం కయ్యాలమారిగా చూసేవారు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇథియోపియాతో యుద్ధం

1991లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో అధికారానికి వచ్చిన, ఆ దేశ ఉత్తర ప్రాంతమైన టిగ్రేకు చెందిన నాయకులు, అస్మారా నాయకులు అంతకుముందు ఇథియోపియాను ఏలిన ఒకే నియంత మీద పక్కపక్కన పోరాడినవారు. రెండు వైపులా టిగ్రిన్యా మాట్లాడేవారు, ఒకరికొకరు వియ్యంకులు, బంధువులు. 1997 నవంబరులో ఎరిట్రియా సొంత కరెన్సీ నక్ఫాను తెచ్చాక వ్యాపార లెక్కల్లో పేచీలు వచ్చాయి. 1998 మే 6న బద్మే అనే చిన్న సరిహద్దు ఊరి దగ్గర జరిగిన కాల్పులు పూర్తిస్థాయి యుద్ధంగా మారాయి. బద్మే చుట్టూ చమురు లేదు, బంగారం లేదు, ఉన్నదల్లా ఎండిన మైదానమే. ఆ మైదానంలో కందకాలు తవ్వుకుని, మందుపాతరల మీదుగా కాల్బలాన్ని అలలు అలలుగా పంపి రెండు సైన్యాలు పోరాడాయి. రెండేళ్లలో 70 వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. ఇథియోపియాలో ఉంటున్న ఎరిట్రియా మూలాలవారిని వేల సంఖ్యలో బస్సులెక్కించి సరిహద్దు దాటించారు, ఎన్నో కుటుంబాలు రెండుగా చీలిపోయాయి.

2000 డిసెంబరు 12న అల్జీర్స్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. సరిహద్దు వెంట 25 కిలోమీటర్ల వెడల్పున భద్రతా మండలం ఏర్పడింది. అక్కడ మోహరించిన సమితి శాంతిదళంలో భారత సైనికులూ పనిచేశారు. 2002 ఏప్రిల్ 13న సరిహద్దు కమిషన్ బద్మే ఎరిట్రియాదేనని తీర్పు చెప్పింది. తుది తీర్పుకు కట్టుబడతామని సంతకం చేసిన ఇథియోపియా దాన్ని అమలు చేయలేదు. ఒప్పందానికి హామీగా నిలిచిన సమితి, ఆఫ్రికా దేశాల సంస్థ, అమెరికా దాన్ని గట్టిగా నిలదీయలేదు. ఇది ఎరిట్రియాకు జరిగిన అన్యాయమే. అయితే 1998 మేలో చట్టవిరుద్ధంగా బలప్రయోగానికి దిగింది ఎరిట్రియాయేనని మరో కమిషన్ 2005లో తేల్చింది. భూమి ఎరిట్రియాది, మొదటి తప్పూ ఎరిట్రియాదే.

జిబూటి, ఆంక్షలు

2008 జూన్‌లో రాస్ దుమేరా దగ్గర జిబూటి సైనికులతో ఘర్షణ జరిగింది. ఈ వివాదాన్నీ, సోమాలియాలో సాయుధ ముఠాలకు సాయం చేస్తోందన్న ఆరోపణనూ కలిపి 2009 డిసెంబరులో భద్రతామండలి ఆయుధ ఆంక్షలు విధించింది. ఎరిట్రియా ఆ ఆరోపణను కొట్టిపారేసింది. 2018 నవంబరులో ఆంక్షలు ఎత్తేశారు.

పేరు పోయిన తీరు

ఆంక్షల కన్నా, ఇథియోపియాతో యుద్ధం కన్నా ఎరిట్రియా పేరును ఎక్కువగా చెడగొట్టింది యుద్ధం పేరుతో ఇంట్లో జరిగిన వ్యవహారం. 1995 చట్టం ప్రకారం జాతీయ సేవ 18 నెలలే. సరిహద్దు తేలలేదన్న సాకుతో 2002 నుంచి దానికి గడువే లేకుండా పోయింది. పిల్లలు పన్నెండో తరగతి సావా సైనిక శిబిరంలోనే చదవాలి. ఆ తర్వాత సైన్యంలోనో, రోడ్లు, పొలాలు, ఆఫీసుల్లోనో అరకొర జీతానికి ఏళ్ల తరబడి పనిచేయాలి. దీన్ని తప్పించుకోవడానికే యువత సరిహద్దు దాటి పారిపోతోంది. 2013 అక్టోబరు 3న ఇటలీలోని లాంపెడూసా తీరంలో పడవ మునిగి 360 మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు ఎరిట్రియా వాళ్లే. స్వాతంత్ర్యం కోసం తల్లిదండ్రులు ప్రాణాలొడ్డిన దేశాన్ని వదిలిపోవడానికి పిల్లలు ప్రాణాలొడ్డుతున్నారంటే ఆ పాలనపై అంతకుమించిన అభిశంసన ఉండదు. 2016లో సమితి విచారణ సంఘం అక్కడ మానవాళిపై నేరాలు జరిగాయని నిర్ధారించింది.

అలాగని ఎరిట్రియా అంటే చీకటి ఒక్కటే కాదు. ఇటాలియన్ల కాలపు ఆధునిక కట్టడాలతో నిండిన అస్మారా నగరానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. సైకిల్ పందేలంటే ఆ దేశంలో పిచ్చి ప్రేమ. 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో బినియం గిర్మై గ్రీన్ జెర్సీ గెలిచాడు.

2018 తర్వాత

2018 జూలైలో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ అస్మారా వచ్చి, యుద్ధస్థితి ముగిసిందని ఎరిట్రియా అధ్యక్షుడు ఇసాయాస్ అఫ్వెర్కీతో కలిసి సంతకం చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఫోన్ లైన్లు కలిశాయి. బంధువుల నంబర్లు తెలియనివాళ్లు తోచిన అంకెలు నొక్కి, అవతల ఎవరు ఎత్తితే వారితోనే మాట్లాడి సంబరపడ్డారు. సెప్టెంబరులో తెరిచిన సరిహద్దు ద్వారాలు కొద్ది నెలల్లోనే మళ్లీ మూతపడ్డాయి. అబీకి 2019లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2020 నవంబరులో టిగ్రే యుద్ధం మొదలైనప్పుడు ఎరిట్రియా సేనలు ఇథియోపియా ప్రభుత్వం పక్షాన దిగాయి. టిగ్రేలోని అక్సుమ్ పట్టణంలో పౌరులను ఊచకోత కోశాయని మానవ హక్కుల సంస్థలు నమోదుచేశాయి. 2021 నవంబరులో అమెరికా ఎరిట్రియా సైన్యంపై ఆంక్షలు పెట్టింది. 2022 నవంబరులో ఆ యుద్ధాన్ని ముగిస్తూ ప్రిటోరియాలో కుదిరిన ఒప్పందంలో ఎరిట్రియాకు చోటు లేదు. సముద్రతీరం లేని తమ దేశానికి తీరం జీవన్మరణ సమస్య అని 2023 నుంచి అబీ అంటున్న మాటలు అస్మారాలో మళ్లీ అనుమానాలు రేపాయి.

1993 నుంచి అధ్యక్షుడు ఇసాయాసే. 1997లో ఆమోదించిన రాజ్యాంగం అమలులోకి రాలేదు, జాతీయ ఎన్నికలు ఒక్కసారీ జరగలేదు. 2001 సెప్టెంబరులో ప్రైవేటు పత్రికలన్నీ మూయించినప్పుడు అరెస్టు చేసిన స్వీడిష్-ఎరిట్రియన్ జర్నలిస్టు దావిత్ ఇసాక్‌ను ఇంతవరకు ఏ కోర్టులోనూ విచారించలేదు.