ఇంధన పొదుపు చోదనం

యంత్రంలో ఏ మార్పూ చేయకుండా, కేవలం నడిపే అలవాట్లను మార్చుకొని కారుకు పట్టే పెట్రోలు లేదా డీజిలును తగ్గించుకొనే పద్ధతిని ఇంధన పొదుపు చోదనం అంటారు. భారతదేశంలో ఈ పొదుపును లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్కతో కొలుస్తారు. వాడుకలో దీనికే మైలేజీ అని పేరు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొనవలసి వస్తున్నది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇంధన పొదుపు గురించి ప్రచారం, పరిశోధన చేయడానికి 1978లో పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ (పి.సి.ఆర్.ఎ.) అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది.

మైలేజీని లెక్కించుట

కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో రోలర్లపై కారును నడిపి కొలిచినది. ఈ పరీక్షను చాలాకాలంగా ఏసీ ఆపివేసి జరుపుతూ వచ్చారు. గుంతలు, ఎదురుగాలి, సామాను బరువు అందులో లేవు. కనుక రోడ్డుమీద అంతకంటే తక్కువ రావడం సహజమే. సరైన లెక్కకు ట్యాంకు పూర్తిగా నింపి, కొంత దూరం తిరిగాక మళ్ళీ నింపాలి. రెండవసారి 28 లీటర్లు పట్టి, మధ్యలో 420 కిలోమీటర్లు తిరిగి ఉంటే మైలేజీ 15 అన్నమాట.

ఒకవైపు ప్రయాణంతో మైలేజీని నిర్ణయించరాదు. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు, హిందూపురం సుమారు 620 మీటర్లు, ధర్మవరం సుమారు 345 మీటర్ల ఎత్తున ఉన్నాయి. బెంగుళూరు నుండి ఉత్తరంగా వచ్చే కారు మొత్తం మీద దిగుతూ వస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కుతూ పోతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారును ధర్మవరం నుండి బెంగుళూరు ఎత్తుకు చేర్చడానికే అర లీటరుకు మించి పెట్రోలు అదనంగా ఖర్చవుతుంది. వచ్చేటప్పుడు బాగా ఇచ్చిన బండి పోయేటప్పుడు ఇవ్వలేదని మెకానిక్కును తప్పుపట్టేవారు ఈ సంగతి గమనించరు.

వేగము, ముందుచూపు

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుండి 100కు పెంచితే ఈ నిరోధం సుమారు 2.8 రెట్లు అవుతుంది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికా 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ళ (సుమారు 88 కి.మీ.) పరిమితి విధించడానికి కారణం ఇదే. ఈ చట్టాన్ని 1995లో రద్దుచేశారు. పి.సి.ఆర్.ఎ. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తున్నది. అయితే 44వ నెంబరు జాతీయ రహదారిపై లారీలు, బస్సుల మధ్య మరీ నెమ్మదిగా పోవడం క్షేమం కాదు. అక్కడ నిలకడగా 70, 80 మధ్య నడపడం ఆచరణకు వీలైన మార్గం.

వేసిన ప్రతి బ్రేకూ అప్పటికే ఖర్చుచేసిన పెట్రోలును వేడిగా మార్చి గాలిలో కలుపుతుంది. కొడికొండ చెక్‌పోస్టు వద్ద రహదారి వదలి లేపాక్షి వైపు మళ్ళేవారు మలుపు దూరాన కనిపించగానే యాక్సిలరేటరు మీద కాలు తీసివేస్తే, కారు తన ఊపుమీదే అక్కడిదాకా వస్తుంది. తరువాత ఊళ్ళు, స్పీడు బ్రేకర్లు, గొర్రెల మందలు ఎదురయ్యే చిన్న రోడ్డులో ఈ ముందుచూపే ఎక్కువ ఆదా చేస్తుంది.

న్యూట్రల్‌లో దిగడం

పల్లం రాగానే గేరు తీసి న్యూట్రల్‌లో వదలడం, కొందరైతే ఇంజనే ఆపివేయడం, పాతకాలపు డ్రైవర్ల నుండి వచ్చిన అలవాటు. కార్బురేటరు ఉన్న అంబాసిడర్ల కాలంలో దీనివలన కొంత పెట్రోలు మిగిలిన మాట నిజమే. ఇప్పటి కార్లలో ఆ లాభం లేదు. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారపు పెట్రోలు, డీజిలు కార్లతో సహా నేటి ఇంజన్లన్నిటికీ ఇంధనాన్ని ఇంజెక్టర్లు అందిస్తాయి. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే, ఇంజన్ను చక్రాలే తిప్పుతున్నాయని కంప్యూటరు గ్రహించి ఇంజెక్టర్లను మూసివేస్తుంది. అంటే ఆ సమయంలో ఖర్చు దాదాపు సున్న. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పడుతూనే ఉంటుంది.

ప్రమాదం సంగతి వేరే. గేరులో లేని బండిని ఆపే భారమంతా బ్రేకులపైనే పడుతుంది. తిరుమల వంటి ఘాట్ రోడ్లలో అవి వేడెక్కి పట్టు కోల్పోవచ్చు. ఇంజన్ ఆపితే బ్రేకు పెడలుకు సాయపడే వాక్యూము, స్టీరింగుకు సాయపడే శక్తి రెండూ పోతాయి. ఘాట్ దిగేటప్పుడు రెండవ లేదా మూడవ గేరులో దిగడం క్షేమకరం, పొదుపు కూడా.

టైర్లు, ఏసీ

గాలి తగ్గిన టైరు ఎక్కువగా నలిగి ఇంధనాన్ని తింటుంది. గాలిని బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండాకాలంలో రహదారిపై వంద కిలోమీటర్లు వచ్చి హిందూపురం బంకులో కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపడం మామూలే. అది చూసి గాలి తీసివేస్తే, చల్లారిన తరువాత టైరులో ఉండవలసిన దానికంటే తక్కువ మిగులుతుంది.

ఆగి ఉన్న చిన్న పెట్రోలు కారు గంటకు సుమారు అర లీటరు నుండి ముప్పావు లీటరు త్రాగుతుంది. ఏసీ వేసి ఉంటే ఇంకా ఎక్కువ. లేపాక్షి గుడి దగ్గర పెద్దవాళ్ళు వచ్చేదాకా ఏసీ నడుపుతూ కూర్చోవడం కంటే చెట్టునీడన నిలిపి ఆపివేయడం మేలు. ఎండలో నిలిపిన కారును ముందుగా అద్దాలు దించి కొంతదూరం నడిపితే వేడిగాలి బయటికి పోయి ఏసీకి పని తగ్గుతుంది. రహదారి వేగంలో మాత్రం తెరచిన అద్దాలు గాలి నిరోధాన్ని పెంచుతాయి.

పెట్రోలులో ఇథనాల్

2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులోని దానిలో సుమారు మూడింట రెండు వంతులే. 10 శాతం మిశ్రమానికి అనువుగా తయారైన పాత కార్లకు మైలేజీ 6 నుండి 7 శాతం వరకు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. పాత లెక్కలతో కొత్త లెక్కలను పోల్చేటప్పుడు ఈ తేడాను తీసివేసి చూడాలి.